తేలికపాటి డిమెన్షియా ఉన్నవారి కోసం సహాయక పరికరం రూపొందించడం ఎలా?

డిమెన్షియా (జ్ఞాపకం, ఆలోచన రోజువారీ పనులకి అడ్డొచ్చేంతగా తగ్గిపోయే జబ్బు) ఉన్నవాళ్ళ కోసమని తయారుచేసే పరికరాల్లో చాలావాటిది ఒకటే లోపం. వాటిని వాడాలంటే, అవి ఉన్నాయన్న సంగతి ముందు గుర్తుండాలి. ఆపద వస్తే నొక్కమని మెడలో ఒక బటన్ వేస్తారు. పడిపోయిన క్షణంలో అది మెడలో ఉందన్న ఆలోచనే రాదు. పనులు గుర్తుచేసే యాప్ ఇస్తారు. ఆ యాప్ తెరవాలని ఇంకెవరో గుర్తుచేయాలి. ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌లో 90 ఏళ్ళు దాటినవారి మీద జరిగిన ఒక అధ్యయనం 2008లో వెలువడింది. ఒంటరిగా ఉన్నప్పుడు పడిపోయి, లేవలేక నేల మీదే ఉండిపోయినవాళ్ళలో చాలామందికి అలారం అందుబాటులోనే ఉంది. అయినా ఎక్కువమంది దాన్ని వాడలేదు.

డిజైనర్లు, ఇంజినీర్లు, విద్యార్థులు, ఇంట్లో ఒకరి కోసం సొంతంగా ఏదైనా తయారుచేయాలనుకునేవాళ్ళు, వీళ్ళందరి కోసం ఈ మార్గదర్శి. నేను మొదటి నుంచి చివరి దాకా పట్టుకున్న సూత్రం ఇది: ఆ మనిషి రోజులో పని సరిగ్గా ఎక్కడ తెగిపోతోందో కనిపెట్టి, అక్కడ మాత్రమే సాయం పెట్టాలి. మిగతాది వాళ్ళ చేతుల్లోనే ఉంచాలి.

అడుగు 1: ఏది తగ్గింది, ఏది మిగిలింది

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ప్రపంచమంతటా 5.5 కోట్ల మందికి పైగా డిమెన్షియాతో జీవిస్తున్నారు. అందులో అల్జీమర్స్ అనే రకం వాటా 60 నుంచి 70 శాతం ఉండొచ్చు. జ్ఞాపకం, ఆలోచన ఎలా ఉన్నాయో చూడటానికి డాక్టర్లు తరచుగా వాడే ఎంఎంఎస్‌ఈ పరీక్షలో 30కి 21 నుంచి 26 మధ్య మార్కులు వస్తే సాధారణంగా తేలికపాటి దశ అంటారు. డిజైన్ చేసేవాళ్ళకి ఆ మార్కుతో పెద్దగా పని లేదు. ఒకే మార్కు వచ్చిన ఇద్దరిలో ఒకరు తన డబ్బు లెక్కలు తానే చూసుకుంటూ ఉండొచ్చు, ఇంకొకరు స్టవ్ దగ్గర తడబడుతూ ఉండొచ్చు.

ఈ దశలో మనిషి చక్కగా మాట్లాడతారు, నవ్విస్తారు, ఇష్టాయిష్టాలు చెబుతారు, ఇల్లు చక్కబెట్టుకుంటారు. ఇబ్బంది వచ్చేది కొన్ని ప్రత్యేకమైన చోట్ల. కొత్తగా విన్న విషయం నిలవదు. 'ఇంకో గంటలో ఇది చేయాలి' అనుకున్నది ఆ గంటకి గుర్తురాదు. నాలుగైదు మెట్లున్న పనిలో వరుస తప్పుతుంది. మధ్యలో ఎవరైనా పలకరిస్తే చేస్తున్న పని చేజారిపోతుంది. మాట నోటిదాకా వచ్చి ఆగిపోతుంది.

మిగిలేది ఏమిటన్నది అంతకంటే ముఖ్యం. చేతికి అలవాటైన పనులు చాలాకాలం నిలుస్తాయి. తాళం తిప్పడం, పాత ఫోన్ రిసీవర్ ఎత్తడం, గోడ మీద కేలండర్ వైపు చూడటం, ఇవన్నీ ఏళ్ళ తరబడి చేసి చేసి ఒంటికి పట్టిన పనులు. నిన్న జరిగింది గుర్తులేని మనిషి కూడా వీటిని తడుముకోకుండా చేసేస్తారు. కొత్త పరికరం ఈ అలవాట్ల మీద నిలబడితే సగం పని అయినట్టే. వాటికి ఎదురు వెళ్తే ఎంత తెలివైన పరికరమైనా అల్మరాలోకి చేరుతుంది.

ఏ రకం డిమెన్షియా అన్నది కూడా తెలుసుకోండి. లూయీ బాడీ రకంలో పరిస్థితి గంటగంటకీ మారుతుంది, లేనివి కనిపించడమూ ఉంటుంది. అలాంటివారి గదిలో ఎక్కడి నుంచో హఠాత్తుగా గొంతు వినిపిస్తే హడలిపోతారు. రక్తనాళాల సమస్యతో వచ్చే రకంలో ఆలోచన నెమ్మదిస్తుంది. అక్కడ కావాల్సింది సమయం. ఫ్రంటోటెంపోరల్ రకంలో మొదట్లో జ్ఞాపకం బాగానే ఉండి, తనంతట తాను పని మొదలుపెట్టడం, మంచిచెడ్డలు బేరీజు వేయడం దెబ్బతింటాయి. పోస్టీరియర్ కార్టికల్ అట్రోఫీ అనే అరుదైన రకంలో కళ్ళు బాగానే ఉంటాయి, చూసినదాన్ని మెదడు కూర్చుకోలేదు. వీరిలో కొందరికి పెద్ద అక్షరాల కంటే చిన్న అక్షరాలే తేలిగ్గా అందుతాయి. 'అక్షరాలు పెద్దవి చేస్తే చాలు' అనుకునే ముందు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోండి.

అడుగు 2: ఇంటికి వెళ్ళి, పక్కన కూర్చుని చూడండి

ప్రశ్నాపత్రాలతో ఇది తేలదు. 'పోయినవారం మీకు ఏ పని కష్టమైంది?' అని అడిగితే ఆ మనిషికి ఒక జ్ఞాపకశక్తి పరీక్ష పెట్టినట్టే. జవాబు రాక చిన్నబుచ్చుకుంటారు, లేదా మీ మొహం చూసి 'అంతా బాగానే ఉంది' అంటారు. దానికి బదులు, వాళ్ళు రోజూ ఆ పని చేసే వేళకి, చేసే చోటికి వెళ్ళండి. చాలామందికి ఉదయం పూట హుషారుగా ఉంటుంది. ముప్పావు గంట మించకుండా చూసుకోండి. టీవీ కట్టేయమని అడగండి. వస్తువు చేతికిచ్చి 'ఇది ఎలా చేస్తారో చూపిస్తారా?' అంటే చాలామంది సంతోషంగా చూపిస్తారు.

ప్రతిసారీ మీరెవరో, ఎందుకొచ్చారో మళ్ళీ చెప్పండి. అనుమతి మళ్ళీ అడగండి. మొదటిరోజు పెట్టిన సంతకం నెలరోజుల తర్వాత అనుమతి అయిపోదు. నోటితో సరే అంటూనే కుర్చీలో అటూ ఇటూ కదులుతున్నారంటే, చూపు గుమ్మం వైపు పోతోందంటే, ఆ పూటకి అక్కడితో ఆపేయండి.

ఇంట్లోవాళ్ళ మాట విడిగా వినండి, ఆ మనిషి ముందు కాదు. ఇద్దరి మాటా ఒకటి కానప్పుడు అసలు విషయం బయటపడుతుంది. కూతురికి 'అమ్మ మందులు మర్చిపోతోంది' అన్నది సమస్య. తల్లికి 'రోజుకి నాలుగుసార్లు ఫోన్ చేసి మందులేసుకున్నావా అని అడుగుతోంది' అన్నది సమస్య. మీరు ఎవరి సమస్య తీర్చబోతున్నారో తేల్చుకోకుండా ముందుకు వెళ్ళకండి.

డిమెన్షియా ఉన్నవాళ్ళు తమ గొంతు తామే వినిపించే సంఘాలు పెట్టుకుని చాలాకాలమైంది. స్కాట్లండ్‌లో 2002లోనే ఒక వర్కింగ్ గ్రూప్ మొదలైంది. 2014లో ఏర్పడిన డిమెన్షియా అలయన్స్ ఇంటర్నేషనల్‌లో సభ్యత్వం డిమెన్షియా నిర్ధారణ అయినవారికే. అలాంటి అనుభవం ఉన్నవారిని చివర్లో పరీక్షించడానికి పిలవడం కాదు, ఏం తయారుచేయాలో నిర్ణయించే రోజునే పిలవాలి. వాళ్ళ సమయానికి మిగతా సలహాదారులకు ఇచ్చినట్టే పారితోషికం ఇవ్వాలి.

అడుగు 3: పనిని ముక్కలు చేసి, తెగిన చోటు పట్టుకోండి

'మందులు మర్చిపోతున్నారు' అన్న మాట డిజైన్‌కి పనికిరాదు. అందులో కనీసం ఐదు వేర్వేరు సమస్యలు దాగున్నాయి. ఉదయం మాత్ర వేసుకోవడాన్నే దగ్గరగా చూడండి.

ఎనిమిది గంటలకి ఫోన్ మోగింది. తేలికపాటి డిమెన్షియా ఉన్న ఒకావిడ వరండాలో ఉన్నారు. ఫోన్ తీసి చూశారు: 'మందులు'. సరే అనుకుని అలారం ఆపారు. మాత్రల డబ్బా వంటగదిలో ఉంది. అటు నడుస్తుంటే దారిలో తలుపు దగ్గర పడి ఉన్న చెప్పులు కనిపించాయి, వంగి సర్దారు. వంటగదిలోకి వెళ్ళారు, ఎందుకొచ్చారో తెలియలేదు. గిన్నె కడిగి వెనక్కి వచ్చేశారు. పావుగంట తర్వాత 'మందులు' అన్న మాట మెదిలింది. కానీ ఇప్పుడు ప్రశ్న మారింది: వేసుకోవాలా, ఇప్పటికే వేసేసుకున్నానా?

అలారం తన పని తాను చేసింది. ఆవిడ విన్నారు, అర్థం చేసుకున్నారు, బయల్దేరారు కూడా. తెగింది వరండాకీ వంటగదికీ మధ్య. ఇలాంటప్పుడు అలారాన్ని ఇంకా గట్టిగా మోగించడం వల్ల ఉపయోగం లేదు. డబ్బానే మోగేలా, వెలిగేలా చేయాలి. మాత్ర బయటికి తీసేదాకా ఆ వెలుగు ఆరకూడదు. ఇక రెండో ప్రశ్న ఇంకా ప్రమాదకరమైనది. వేసుకోకపోతే ఒక డోసు తప్పుతుంది. అనుమానంతో మళ్ళీ వేసుకుంటే రెండు డోసులు పడతాయి, కొన్ని మందులకి అది ఆసుపత్రి దాకా తీసుకెళ్తుంది. అందుకే నేను మందుల డబ్బా డిజైన్ చూస్తే మొదట అడిగేది ఇది: 'వేసుకున్నానా?' అన్న ప్రశ్నకి ఇది ఒక్క చూపులో జవాబు చెబుతుందా? 'ఈ ఉదయం మాత్ర తీసుకున్నారు' అని పెద్దగా కనిపించాలి, లేదా ఆ గడి ఖాళీగా కళ్ళకి కట్టాలి. డబ్బా తెరుచుకున్నంత మాత్రాన మాత్ర మింగినట్టు కాదు కాబట్టి, ఇంట్లోవాళ్ళకి వెళ్ళే కబురులో 'తీశారు' అనే రాయండి, 'వేసుకున్నారు' అని రాయకండి.

మీరు ఎంచుకున్న పనిని కూడా ఇలాగే కాగితం మీద ఒక్కో మెట్టుగా రాయండి. ప్రతి మెట్టు పక్కనా మూడు విషయాలు: ఇక్కడ ఏం గుర్తుండాలి, ఏం నిర్ణయించుకోవాలి, కళ్ళ ముందు ఏముంది. తెగే చోటు సాధారణంగా గది మారేచోట, ఎదురుచూడాల్సినచోట, రెండు ఒకేలా కనిపించే వస్తువుల మధ్య ఎంచుకోవాల్సినచోట ఉంటుంది.

అడుగు 4: సాయం ఎంత మోతాదులో?

తెగిన చోటు దొరికాక, అక్కడ సరిపోయేంత తక్కువ సాయం ఎంచుకోండి. కొన్నిసార్లు పరికరమే అక్కర్లేదు, అల్మరా తలుపు తీసేసి వస్తువు కనబడేలా పెడితే చాలు. తర్వాతి మెట్టు ఒక సూచన. ఆ తర్వాత మెట్టుమెట్టుకీ చెప్పడం. మనిషి బదులు యంత్రమే పని చేసేయడం అన్నది చివరి మెట్టు, అది స్టవ్ ఆపేయడం లాంటి ప్రాణాపాయపు చోట్లకే.

టొరంటోలో అలెక్స్ మిహైలిడిస్ బృందం తయారుచేసిన కోచ్ అనే వ్యవస్థ ఇందుకు మంచి ఉదాహరణ. చేతులు కడుక్కునే పనిని కెమెరాతో గమనిస్తూ, మనిషి ఒక మెట్టు తప్పినప్పుడో ఆగిపోయినప్పుడో మాత్రమే సూచన ఇస్తుంది. అది జబ్బు ఇంకా ముదిరినవారి కోసం చేసినదే అయినా, ఆ క్రమశిక్షణ తేలికపాటి దశకి మరీ అవసరం. చేయగలిగినది చేస్తున్న మనిషికి పక్క నుంచి చెబుతూ ఉంటే చిరాకు వస్తుంది, పైగా ఆ మాట వల్లే దృష్టి చెదిరి తప్పు జరుగుతుంది.

పరికరాల సంఖ్య పెంచితే సాయం పెరగదు. ఇంగ్లండ్‌లో జరిగిన అటిలా పరిశోధనలో డిమెన్షియా ఉన్న 495 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకి పూర్తి స్థాయి సహాయక పరికరాలు, దూరం నుంచి కనిపెట్టుకుని ఉండే ఏర్పాట్లు ఇచ్చారు. ఇంకో గుంపుకి అలారాల్లాంటి ప్రాథమికమైనవే ఇచ్చారు. సొంత ఇంట్లో ఉండగలిగిన కాలంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదని 2021లో ఫలితాలు వచ్చాయి. ఇది చదివి నిరాశపడనక్కర్లేదు. పరికరాల మూట ఇచ్చేయడం, ఒక మనిషికి తగిన సాయం ఇవ్వడం వేర్వేరు పనులని మాత్రం దీంతో గట్టిగా తెలుస్తుంది.

ఇంకో మాట. భద్రత మీదే అందరి చూపూ ఉంటుంది, ఎందుకంటే డబ్బు పెట్టి కొనేది ఇంట్లోవాళ్ళు. ఆ మనిషికి కావాల్సినవి వేరే ఉంటాయి: పాటలు వినడం, స్నేహితుడికి ఫోన్ చేయడం, మాటల్లో వెనకబడకుండా ఉండటం. స్కాట్లండ్‌లో తయారైన సర్కా అనే టచ్‌స్క్రీన్ వ్యవస్థ పాత ఫొటోలు, సంగీతం, వీడియోలు చూపిస్తూ కబుర్లకి ఊతం ఇస్తుంది. దాని ముందు కూర్చున్నప్పుడు ఏం చూడాలో, ఏం మాట్లాడాలో ఎంచుకునేది డిమెన్షియా ఉన్న మనిషే. మీ మొదటి పరికరం ఇలాంటిదైతే నాకు ఎక్కువ సంతోషం.

అడుగు 5: సూచన ఎప్పుడు, ఎక్కడ, ఏ మాటల్లో

సూచన పని జరిగేచోటే, పని జరిగే వేళకే రావాలి. 'సాయంత్రం డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి' అని పొద్దున్నే చెబితే రోజంతా టెన్షన్ పడతారు, పది నిమిషాలకోసారి ఎన్నింటికి అని అడుగుతారు. బయల్దేరడానికి కాస్త ముందు, చెప్పులు వేసుకునే గుమ్మం దగ్గర చెబితే సరిపోతుంది.

వాక్యం ఒక్కటే ఉండాలి, అందులో పని ఒక్కటే ఉండాలి. 'మందుల సమయం!' అన్నదాని కంటే 'డబ్బాలో వెలుగుతున్న గడిలోని మాత్ర వేసుకోండి' మేలు. 'మర్చిపోయారా?' లాంటి మాట ఎక్కడా రాకూడదు. 'చేయవద్దు' అనే వాక్యాలు కూడా తగ్గించండి. 'బయటికి వెళ్ళకండి' అంటే కొందరికి 'బయటికి వెళ్ళడం' ఒక్కటే చెవిలో నిలుస్తుంది. 'ఇప్పుడు రాత్రి. అందరూ పడుకున్నారు' అంటే పరిస్థితి తెలుస్తుంది, ఏం చేయాలో వాళ్ళే నిర్ణయించుకుంటారు. 2000ల మొదట్లో యూరప్‌లో ఎనేబుల్ అనే ప్రాజెక్టులో పరీక్షించిన పగలు-రాత్రి కేలండర్ సరిగ్గా ఈ పనే చేసింది. ఏ రోజు, పగలా రాత్రా అన్నది చెప్పడం తప్ప దానికి ఇంకో పని లేదు. ఇలాంటి గడియారాలు ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి. నొక్కాల్సిన బటన్ ఏదీ లేకపోవడమే వాటి బలం.

సొంతవాళ్ళ గొంతుతో రికార్డు చేస్తే నమ్మకం కలుగుతుంది, మాట వింటారు. కానీ కొందరు ఆ గొంతు విని కొడుకు ఇంటికొచ్చాడనుకుని గదులన్నీ వెతుకుతారు. దీనికి అందరికీ పనికొచ్చే జవాబు లేదు. సొంతవాళ్ళ గొంతు, పరాయి గొంతు రెండూ వినిపించి ఆ మనిషి మొహం చూసి నిర్ణయించుకోండి.

రోజుకి ఎన్ని సూచనలో కూడా లెక్కపెట్టండి. ఎక్కువైతే అవి ఇంటి శబ్దాల్లో కలిసిపోతాయి. పని ఇప్పటికే జరిగిపోతే ఆ రోజుకి సూచన నోరు మెదపకూడదు.

అడుగు 6: తెర, బటన్, శబ్దం

అరవై ఏళ్ళ మనిషి కంటి వెనక పొరకి చేరే వెలుతురు ఇరవై ఏళ్ళ మనిషితో పోలిస్తే సుమారు మూడో వంతే. అందుకని లేత బూడిద రంగు అక్షరాలు తెల్ల తెర మీద మీకు అందంగా ఉన్నా వాళ్ళకి కనబడవు. వెబ్ ప్రమాణాలైన డబ్ల్యూసీఏజీలో కనీస కాంట్రాస్ట్ (అక్షరానికీ వెనక రంగుకీ మధ్య వెలుతురు తేడా) 4.5:1, పై స్థాయికి 7:1. మీరు 7:1కే పని చేయండి. మెరిసే గాజు, పక్కనే కిటికీ ఉంటే తెర అద్దంలా మారుతుంది. తన ప్రతిబింబాన్ని చూసి ఎవరో ఉన్నారనుకోవడం కూడా జరుగుతుంది, కాబట్టి మెరుపులేని తెర ఎంచుకోండి.

వేలి సంగతి చాలామంది డిజైనర్లకి తట్టదు. వయసుతో వేళ్ళ చర్మం పొడిబారుతుంది, టచ్‌స్క్రీన్ ఆ స్పర్శని ఒక్కోసారి గుర్తించదు. స్పందన రాలేదని గట్టిగా, ఎక్కువసేపు నొక్కుతారు. అప్పుడు ఫోన్ దాన్ని 'లాంగ్ ప్రెస్' అనుకుని ఇంకేదో మెనూ తెరుస్తుంది. ఆ మనిషి 'నావల్లే పాడైంది' అనుకుని వేలు వెనక్కి తీసుకుంటారు, ఇక మళ్ళీ ముట్టుకోరు. అందుకే చిన్న తాకిడికీ పెద్ద నొక్కుకీ ఒకటే ఫలితం ఉండేలా చేయండి. స్వైప్, రెండుసార్లు తట్టడం, రెండు వేళ్ళతో సాగదీయడం తీసేయండి. బటన్లు రెండు సెంటీమీటర్లకి తగ్గకుండా, మధ్యలో ఖాళీతో పెట్టండి. కుదిరితే తెర మీద బొమ్మ కంటే చేతికి తగిలే నిజమైన బటనే మంచిది. నొక్కినప్పుడు లోపలికి వెళ్ళి 'టక్' మనడం ఎన్నో ఏళ్ళుగా వాళ్ళ వేళ్ళకి తెలిసిన భాష.

బొమ్మల గుర్తులకి పక్కన మాట రాయండి. గేరు చక్రం అంటే సెట్టింగులని, మూడు గీతలంటే మెనూ అని కొత్తగా నేర్చుకోమనడం న్యాయం కాదు. ఒక తెర మీద ఒక ప్రశ్న, రెండు జవాబులు చాలు. సమయం అయిపోయిందని తెర తనంతట తాను మారిపోకూడదు. ఎక్కడున్నా మొదటికి తీసుకొచ్చే ఒకే బటన్ ఎప్పుడూ ఒకే చోట ఉండాలి. పాస్‌వర్డ్ అడగకండి. 2023లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.2 కూడా లాగిన్ కోసం గుర్తుపెట్టుకునే పరీక్షలు పెట్టకుండా వేరే దారి చూపమంటోంది.

శబ్దాల విషయంలో, వయసుతో ముందు తగ్గేది పైశ్రుతి వినికిడి. మామూలు పొగ అలారం 3,000 హెర్ట్జ్‌కి పైన కీచుమంటుంది. నిద్రలో ఉన్న పెద్దవయసువారిని లేపడానికి 520 హెర్ట్జ్ దగ్గరి తక్కువ శ్రుతి శబ్దం మెరుగని తేలడంతో అమెరికా అగ్నిమాపక ప్రమాణాల్లో దానికి చోటిచ్చారు. మీ పరికరం శబ్దమూ అటువైపే ఉంచండి. అది ఫోన్ రింగులా, కాలింగ్ బెల్‌లా మాత్రం ఉండకూడదు. తలుపు తీయడానికి వెళ్ళిపోతారు.

మాటతో నడిచే పరికరమైతే రెండు చిక్కులు. దాన్ని పిలవాల్సిన పేరు గుర్తుండదు. మాట కోసం వెతుక్కుంటూ ఒక్క క్షణం ఆగితే, చెప్పడం అయిపోయిందనుకుని అది మధ్యలో అందుకుంటుంది. ఆ ఎదురుచూసే వ్యవధిని పొడిగించే వీలుంటే తప్ప మాట మీదే ఆధారపడకండి.

అడుగు 7: పాడైనప్పుడు ఏం జరుగుతుంది?

కరెంటు పోయి వస్తే పరికరం ఏ ప్రశ్నా అడగకుండా పాత తెరకే రావాలి. నెట్ లేకపోతే కూడా రోజు, సమయం, సూచనలు పని చేయాలి. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ పేరుతో బటన్ చోటు మార్చకండి. నెలల తరబడి వేలికి అలవాటైన దారిని ఒక్క రాత్రిలో చెరిపేసినట్టు అవుతుంది, మళ్ళీ నేర్చుకునే శక్తి ఆ మనిషి దగ్గర ఉండకపోవచ్చు. సంస్థ మూతపడి సర్వర్ ఆగిపోయినా ముఖ్యమైన పని సాగేలా మొదటి నుంచే కట్టుకోండి.

స్టవ్‌ని ఆపేసే పరికరం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. అది గ్యాస్ ఆపేస్తే ప్రమాదం తప్పుతుంది. కానీ ఎందుకు ఆగిందో చెప్పకపోతే ఆ మనిషి స్టవ్ పాడైందనుకుంటారు, మళ్ళీ మళ్ళీ తిప్పుతారు, చివరికి వండుకోవడమే మానేస్తారు. ఆపేసిన చోటే 'ఎక్కువసేపు వెలిగినందుకు ఆపాను. మళ్ళీ వెలిగించాలంటే ఇది నొక్కండి' అని కనబడాలి.

ఎక్కడున్నారో చెప్పే జీపీఎస్ పరికరాలు ఆరుబయట కొన్ని మీటర్ల తేడాతో చెబుతాయి, ఇంటి లోపలా ఎత్తైన కట్టడాల మధ్యా బాగా తప్పుతాయి. ఆ తప్పుల వల్ల, మ్యాప్ మీద ముందే గీసిన హద్దు దాటకపోయినా 'గీత దాటారు' అని ఉత్త అలారాలు వస్తాయి. నాలుగుసార్లు ఉత్తదని తేలాక ఐదోది నిజమైనా ఎవరూ పరిగెత్తరు. హద్దును వెడల్పుగా పెట్టండి, కొద్దిసేపు బయటే ఉన్నారని తేలాకే కబురు పంపండి. చార్జింగ్ పెట్టే బాధ్యత పేరు రాసి ఒకరికి అప్పగించండి.

అడుగు 8: గుట్టు, గౌరవం

ఇంట్లో కెమెరా పెట్టే ముందు అదే పని తలుపు సెన్సరుతోనో, ఒత్తిడిని గుర్తించే మ్యాట్‌తోనో అవుతుందేమో చూడండి. పడకగదిలోనూ స్నానాలగదిలోనూ కెమెరా వద్దు. ఎవరికి ఏం తెలుస్తుందో ఆ మనిషికి అర్థమయ్యే మాటల్లో పరికరం మీదే రాసి ఉంచండి. ఆపేసే హక్కు వాళ్ళకి ఉండాలి. తేలికపాటి దశలో చాలామంది ఈ విషయంలో తమ నిర్ణయం తాము తీసుకోగలరు. ఇప్పుడే అడిగి రాసి పెట్టుకుంటే, తర్వాత చెప్పలేని రోజు వచ్చినప్పుడు ఇంట్లోవాళ్ళకి అదే ఆధారం.

రూపం కూడా గౌరవంలో భాగమే. ఆసుపత్రి సామానులా కనిపించేదాన్ని, పిల్లల బొమ్మలా రంగురంగులుగా ఉన్నదాన్ని ఎవరైనా ఇంటికొచ్చినప్పుడు దాచేస్తారు. దాచినది మళ్ళీ దొరకదు.

అడుగు 9: నమూనా చేసి పరీక్షించండి

మొదటి నమూనాకి కోడ్ అక్కర్లేదు. అట్టముక్కతో డబ్బా చేయండి, పక్కగదిలో కూర్చుని సమయానికి లైటు మీరే వెలిగించండి. మాటలు తప్పుగా ఉన్నాయో, వెలుగు కనబడటం లేదో మొదటి గంటలోనే తెలిసిపోతుంది.

మామూలు పరీక్షల్లో 'మనసులో అనుకుంటున్నది బయటికి చెబుతూ చేయండి' అంటారు. ఇక్కడ అది పనికిరాదు. మాట్లాడుతూ పని చేయడమంటే ఒకేసారి రెండు పనులు, అదే వాళ్ళకి కష్టం. మాట్లాడకుండా చూడండి. చేయి ఎక్కడ ఆగింది, చూపు ఎటు పోయింది, ఎప్పుడు మీవైపు తిరిగారు, ఇవి రాసుకోండి. 'నచ్చిందా?' అంటే మొహమాటానికి నచ్చిందనే అంటారు. రెండు నమూనాలు ముందు పెట్టి ఏది చేతిలోకి తీసుకుంటారో చూస్తే నిజం తెలుస్తుంది. ఇబ్బందిపడితే వెంటనే అందుకోండి, 'ఇది మేం సరిగా చేయలేదు' అని చెప్పండి. ఎవరినీ ఓడిపోయామన్న భావనతో పంపకూడదు.

ఆ తర్వాత ఇంట్లో వదిలి కొన్ని వారాలు గమనించండి. ల్యాబులో గంటసేపు బాగా పనిచేసినదంతా ఇంట్లో బతకదు. దాన్ని ప్లగ్ నుంచి పీకేసి ఫోన్ చార్జర్ పెట్టుకుంటారు, దాని మీద గుడ్డ కప్పుతారు, అల్మరా వెనక్కి తోస్తారు. అవన్నీ మీ డిజైన్ గురించి వాళ్ళు రాసిన సమీక్షలే.

అడుగు 10: ఇంట్లో అలవాటు చేయడం

తేలికపాటి దశలో ఇవ్వడమే సరైన సమయం. ఇప్పుడు చేతికి అలవాటైనది తర్వాత కూడా నిలుస్తుంది. ఆరేడు నెలలు ఆలస్యం చేస్తే అదే పరికరం పరాయిదైపోవచ్చు.

నేర్పేటప్పుడు 'ప్రయత్నించండి, తప్పైతే చెబుతా' అనకండి. కొత్త జ్ఞాపకం బలహీనంగా ఉన్నప్పుడు చేసిన తప్పే మనసులో నాటుకుంటుంది. చేయి పట్టి సరైన బటన్ మీద వేయించండి, తప్పుకి చోటివ్వకుండా మళ్ళీ మళ్ళీ చేయించండి. తర్వాత విరామం పెంచుతూ వెళ్ళండి: అర నిమిషం ఆగి అడగండి, చేస్తే ఒక నిమిషం, తర్వాత రెండు, తర్వాత నాలుగు. తడబడితే సరైన జవాబు వెంటనే చెప్పి, చివరిగా పని చేసిన విరామానికి తిరిగి రండి. డిమెన్షియా ఉన్నవారికి కొత్త విషయం నేర్పడానికి ఈ పద్ధతి ఎన్నో ఏళ్ళుగా వాడుకలో ఉంది. ఒకరే నేర్పాలి, ఒకే మాటల్లో నేర్పాలి.

అడుగు 11: పనికొస్తోందా? ఎప్పుడు తీసేయాలి?

ఎన్నిసార్లు నొక్కారన్న లెక్క చూసి మురిసిపోకండి. ఎక్కువ నొక్కడం తికమకకి గుర్తు కూడా కావచ్చు. మొదటిరోజు ఆ మనిషితో కలిసి ఒక లక్ష్యం రాసుకోండి: 'ఉదయం మాత్ర ఎవరూ ఫోన్ చేయకుండా వేసుకోవాలి'. నెలకోసారి అదొక్కటే చూడండి. పక్కనే ఇంట్లోవాళ్ళ నిద్ర, వాళ్ళ మీద భారం తగ్గిందా అని అడగండి. పరికరం చూసుకోవడమే వాళ్ళకి కొత్త ఉద్యోగమైపోతే అది సాయం కాదు.

అమెరికాలో 1993లో వెలువడిన ఒక సర్వేలో రకరకాల వైకల్యాలున్నవారు తమ సహాయక పరికరాల్లో 29.3 శాతాన్ని వదిలేశారని తేలింది. ఎంపికలో వాడేవారి అభిప్రాయం పట్టించుకోకపోవడం, అవసరాలు మారిపోవడం ముఖ్యమైన కారణాల్లో ఉన్నాయి. డిమెన్షియాలో అవసరాలు మారడం ఖాయం. అందుకే మొదటి డిజైన్‌లోనే తర్వాతి దశకి చోటుంచండి: రెండు బటన్లు ఒకటి కావాలి, సూచన మెట్టుమెట్టుగా మారాలి, కొంతకాలానికి బాధ్యత ఇంట్లోవాళ్ళ చేతికి వెళ్ళాలి. ఈ మార్పులు ఎవరు, ఏ గుర్తులు చూసి చేయాలో ఒక కాగితం మీద రాసి పరికరంతో పాటే ఇవ్వండి. వెలుగు చూసి కంగారుపడుతున్నా, సూచన వచ్చాక కూడా ఏం చేయాలో తెలియక నిలబడిపోతున్నా, దాన్ని తోసేస్తున్నా, తీసేసే సమయం వచ్చిందన్నమాట. తీసేటప్పుడు అందులోని రికార్డులు ఎవరి దగ్గర ఉండాలో, ఏవి చెరిపేయాలో ఆ మనిషి ముందే చెప్పి ఉంటారు కదా, ఆ ప్రకారమే చేయండి.